మేనేజరు కత్తి మీద ఎర్ర గీత

పని సంగతి

విరగ్గొట్టకుండా లోపల ఏముందో చెప్పడం. నేను చేసిన ఉద్యోగం ఇంతే. క్రషరు ఇరుసులు, క్రేను హుక్కులు, డంపరు చక్రాల బోల్టులు, ఇలా బరువు మోసే ఇనుప సామాను ఏదొచ్చినా దానిలో పగులుందో లేదో చూడాలి. ఉంటే తీసేయమనాలి, లేకపోతే వాడుకోమనాలి. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికొచ్చి ఏ సర్టిఫికెట్టుకు విలువెక్కువ, ఏ కంపెనీ మంచిది అని అడుగుతుంటారు. అవన్నీ నాకంటే వాళ్ళకే బాగా తెలుసు. పుస్తకాల్లో లేని సంగతి ఒకటి మాత్రం నా దగ్గర ఉంది.

మీరు చెప్పింది నిజమో కాదో మీకు దాదాపు ఎప్పుడూ తెలియదు. వంట చేసినవాళ్ళకు తిన్నవాళ్ళ మొహం చూస్తే తెలిసిపోతుంది. డాక్టరుకు రోగి లేచి నడిస్తే తెలుస్తుంది. మనం పగులుందని తీయించేసిన ఇరుసు తుక్కులోకి పోతుంది. అది ఇంకా ఏళ్ళ తరబడి పనిచేసేదా, మర్నాడే విరిగి ఎవరి మీదైనా పడేదా అన్న సంగతి కూడా దానితోపాటే తుక్కులోకి పోతుంది. "అనవసరంగా మంచి సామాను పారేయించాడు" అని వర్క్‌షాపులో అనుకుంటారు. కాదని చూపించడానికి మన చేతిలో ఏమీ ఉండదు. ఈ ఉద్యోగంలో నన్ను బాధపెట్టింది దుమ్మూ కాదు, ఎండా కాదు, ఇదే.

ఒక్కసారి మాత్రం నేను చెప్పింది నిజమో కాదో కళ్ళారా చూశాను. చూపించింది గని సామాను కాదు. ఒక కత్తి. అదీ కంప్యూటరు ఆటలో ఉన్న కత్తి.

మా ఊరు రూపనగుడి. నాన్న మిషన్ బడిలో పంతులు. నేను బళ్ళారిలో ఐటీఐ చదివి, చిన్నా చితకా షాపుల్లో పనిచేసి, చివరికి ఒక గని కంపెనీ వర్క్‌షాపులో ఈ పరీక్షల పనికి కుదురుకున్నాను. ఇనుప రాయికి ఎక్కడలేని గిరాకీ వచ్చి, సండూరు రోడ్డంతా లారీలతో నిండిపోయిన కాలం అది. పొద్దున తెల్ల చొక్కాతో పోయినవాడు సాయంత్రం ఇటుక రంగు చొక్కాతో ఇంటికొచ్చేవాడు. క్రషరు కాసేపు ఆగితే చాలు, పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు. అలాంటి చోట "ఆపండి" అని చెప్పే ఉద్యోగం నాది. నేను వస్తున్నానంటే పలకరించేవాళ్ళకన్నా తప్పుకునేవాళ్ళే ఎక్కువ.

మా వర్క్‌షాపు మేనేజరు శివరుద్రప్ప సార్. ధార్వాడ వైపు మనిషి. పిల్లల చదువుల కోసం భార్య అక్కడే ఉండేది, ఆయన కంపెనీ క్వార్టర్సులో ఒక్కరే ఉండేవారు. తెలుగూ కన్నడమూ కలిపి ఒకే వాక్యంలో మాట్లాడేవారు. డ్రాయింగు చేతికిస్తే తప్పెక్కడుందో వేలు పెట్టి చూపించగల ఇంజనీరు. కానీ ఫోను మోగిందంటే ఆ తెలివినంతా బల్ల మీద పెట్టేసి ఫోనందుకునేవారు. మీకు ఉద్యోగంలో తగిలే పై అధికారుల్లో చెడ్డవాళ్ళు తక్కువే ఉంటారు. ఫోనుకు భయపడేవాళ్ళు ఎక్కువ. మీరు ఎక్కువగా నెగ్గుకురావలసింది వీళ్ళతోనే.

హుక్కు

క్రషరు షెడ్డులో ఒక పెద్ద క్రేను ఉండేది. క్రషరు దవడ పలకలు అరిగిపోతే వాటిని ఎత్తి బయటపెట్టేది అదే. ఒక్కో పలక లారీ ఇంజనంత బరువు. అది గాల్లో ఊగుతుంటే చేత్తో పట్టుకుని తిప్పడానికి కింద ఒక మనిషి నిలబడాలి. ఆ ఖలాసీ పేరు హనుమంతు, సిరుగుప్ప పక్క మనిషి. పొలం పనులు వదిలి గనికి వచ్చాడు. ఎంత బరువైనా వేలితో తిప్పుతాననేవాడు, తిప్పేవాడు కూడా.

దసరా ఇంకా రెండు నెలలుందనగా ఆ క్రేను హుక్కును పరీక్షించాను. లోపలి వంపులో సన్నటి గీత కనబడింది. పైపై పగుళ్ళయితే కాస్త రుద్దితే పోతాయి. గ్రైండరు పెట్టి కొంచెం రుద్దించి మళ్ళీ చూశాను. గీత పోలేదు. సార్ దగ్గరికి వెళ్ళి హుక్కు మార్చాలని చెప్పాను.

"లోతు ఎష్టు?" అన్నారాయన.

"పైన పగులుందని చెప్పగలను సార్. లోపలికి ఎంత పోయిందో ఈ పరీక్షలో తెలియదు. లోతు చూసే యంత్రం మన దగ్గరుంది కానీ అది ఆ వంపు మీద సరిగ్గా ఆనదు."

"అంటే గోరంతే ఉండొచ్చు."

"ఉండొచ్చు. బొటనవేలంతా ఉండొచ్చు."

ఆయన కిటికీలోంచి చూశారు. బయట లారీలు గేటు దాటి రోడ్డు దాకా వరసకట్టి ఉన్నాయి. "కొత్త హుక్కుకు ఈ రోజే ఆర్డరు పెడతాను. అది వచ్చేదాకా నడవనీరి. స్వల్ప లోడు తగ్గించి ఎత్తమనండి."

"పలక ఒక్కటే ముక్క సార్. సగం సగం ఎట్లా ఎత్తుతారు?"

ఆయన సమాధానం చెప్పేలోపు ఫోను మోగింది. చెయ్యి ఊపి వెళ్ళమన్నారు.

ఆ సాయంత్రం హనుమంతు నన్ను టీ కొట్టు దగ్గర పట్టుకున్నాడు. "దాసప్పా, హుక్కులో ఏందో ఉండాదంట గదా?" నా పేరు ప్రభుదాసు. వర్క్‌షాపులో అందరికీ దాసప్పనే.

"ఉండాది. నువ్వు దాని కింద నిలబడొద్దు."

"నేను నిలబడకుంటే పలకను తిప్పేదెవరప్పా? పక్కకు పోతే అది గోడకు కొట్టుకుంటాది. మళ్ళా ఆ తిట్లు నేనే తినాల." నవ్వి, నా టీ కూడా తనే చెప్పాడు.

దుప్పట్లో చుట్టి తెచ్చింది

ఆ తర్వాతి ఆదివారం చర్చి నుంచి ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నాను. సార్ ఫోను చేశారు. "ప్రభుదాస్, వర్క్‌షాపుకి రాగలరా? ఒక జాబ్ పరీక్ష మాడబేకు. అర్జంటు." ఆదివారం పూట ఆయన నన్ను పిలవడం అదే మొదలు. హుక్కు సంగతి మనసులో తొలిచి ఉంటుంది, ఇప్పటికైనా తీయిస్తారు అనుకుని సగం అన్నంలో లేచి స్కూటరెక్కాను.

పరీక్ష గదిలో సార్ పక్కన మౌలాలి ఉన్నాడు. మౌలాలిది కౌల్ బజార్‌లో కొలిమి. లారీల కమాను పట్టీలు సాగగొట్టి, పదును పెట్టి ఇవ్వడం అతని పని. చెయ్యి ఎంత మంచిదో నోరు అంతకన్నా పెద్దది. తన పనికి తనే చప్పట్లు కొట్టుకునే రకం. ఇద్దరి మధ్యా బల్ల మీద దుప్పట్లో చుట్టిన పొడవాటి వస్తువు ఉంది. హుక్కు అంత పొడవు ఉండదు కదా అనుకున్నాను.

"తెరవండి సార్, దాసప్ప చూడనీ," అన్నాడు మౌలాలి, పెళ్ళికూతురి ముసుగు తీయించేటట్టు.

దుప్పటి తీశారు. నేను వచ్చిన పని మర్చిపోయాను.

అంత వరకు నేను చూసిన కత్తులన్నీ కొబ్బరికాయలు కొట్టేవి, చెరకు నరికేవి. ఇది వేరే లోకానిది. రెండు చేతులతో పట్టుకోవలసినంత పొడవు. పిడి దగ్గర సన్నగా మొదలై, మధ్యలో నడుం లాగా ఇంకా సన్నబడి, కొన వైపు వెడల్పై, మళ్ళీ ఆకు కొనలా ముగిసింది. చేతికి అడ్డంగా ఉండే భాగాన్ని రెండు రెక్కల్లా మలిచాడు. ఈకకూ ఈకకూ మధ్య గీత కూడా ఉంది. పిడికి నల్ల తోలు జడలా అల్లి ఉంది. అది చెప్పులు కుట్టే మనిషి చేత అల్లించారట. రెక్కల పైన, కత్తి అంచులో కోణంగా ఒక గాడి కోసి, అందులో ఎర్రటి రాయి పొదిగారు. దగ్గరికెళ్ళి చూస్తే రాయి కాదు, గాజు. హగరి వైపు తుక్కు సామాను అమ్మేవాడి దగ్గర దొరికిన పాత రైలు లాంతరు అద్దాన్ని మౌలాలి సానపెట్టాడు.

అన్నిటికన్నా రంగు. మామూలుగా ఇనుమును కాల్చి పదును పెట్టాక మెరుగు పట్టి తెల్లగా చేస్తారు. మౌలాలి అలా చేయకుండా, కాలినప్పుడు వచ్చిన రంగుల్ని అలాగే వదిలేశాడు. వెన్ను వైపు నెమలి మెడలాంటి నీలం, మధ్యలో ఊదా, అంచుకు వచ్చేసరికి ఎండుగడ్డి పసుపు. తల అటూ ఇటూ కదిపితే రంగులూ కదిలేవి. నేను తల కదుపుతూనే ఉన్నాను.

"ఏంది సార్ ఇది? ఎవరిది?"

"నందే," అన్నారు సార్. ఆ మాట అనేటప్పుడు ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

నేను కుర్చీ లాక్కుని కూర్చుని అడగడం మొదలుపెట్టాను. డ్రాయింగులు గీయడానికి కొన్న కంప్యూటరులో ఎవరో ఒక ఆట వేసి ఇచ్చారట. సాయంత్రాలు పొద్దుపోక దాన్ని తెరిచారు. అందులో ఒక ముసలి కాపలాదారుడు ఉంటాడు. నది మీద వంతెనకు కాపలా. నీళ్ళలోంచి ఏవేవో జంతువులు వస్తుంటాయి, ఈ కత్తితో వాటిని ఆపాలి. వంతెన దాటి ఒక్కటి ఊళ్ళోకి పోయినా ఆట అయిపోయినట్టే.

"గెలిచారా సార్?"

"ఎల్లి! ఎక్కడ? ఏడాది నుంచీ ఆ వంతెన మీదే చస్తున్నాను." ఆయన నవ్వారు. ఆయన నవ్వితే ముందు పళ్ళ మధ్య సందు కనబడుతుందని అన్నేళ్ళలో అప్పుడే తెలిసింది. "ఇక్కడ పొద్దున లేస్తే టన్ను, టన్ను, టన్ను. ఎంత తీసినా చాలదంటారు. అక్కడ ఒక్క వంతెన, ప్రభుదాస్. దాన్ని కాపాడితే చాలు, పని ముగిసింది."

కత్తికి ఆయన డ్రాయింగు గీశారు. మన క్రషరు భాగాలకు గీసినట్టే, కొలతలతో సహా. ఆటను ఆపి, తెర మీద స్కేలు పెట్టి, ఆ ముసలివాడిని మామూలు మనిషి ఎత్తు అనుకుని, దాన్నిబట్టి కత్తి పొడవు లెక్కగట్టారు. మేనేజరుగారు గదిలో ఒంటరిగా కూర్చుని కంప్యూటరు తెరను స్కేలుతో కొలవడం ఊహించుకుంటే నాకు నవ్వూ వచ్చింది, ఎందుకో ఆయన మీద ఇష్టమూ కలిగింది.

కత్తి మధ్యలో ఒక వరస అక్షరాలు చెక్కి ఉన్నాయి. ఏ భాషో తెలియలేదు. భూతద్దం పెట్టి చూశాను.

"ఇదేం లిపి సార్?"

"ఆటలో ఉన్నదే. దానికి అర్థం ఉందో లేదో నాకూ తెలీదు."

డ్రాయింగు పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం పోల్చాను. అది నా అలవాటు, నవ్వకండి. చివర్లో నాలుగైదు అక్షరాలు డ్రాయింగులో లేవు, వంపు కూడా వేరుగా ఉంది. మౌలాలి వైపు చూశాను. అతను పైకప్పు వైపు చూస్తున్నాడు.

"ఇదేందప్పా?"

"అరె, దొరకబట్టేస్తివే! నా పేరు భాయ్, ఉర్దూలో. ఎవరికీ చదవను రాని రాతల్లో ఇంకొకటి ఉంటే తప్పేముండాది?"

సార్ కోప్పడతారనుకున్నాను. ఆయన భూతద్దం లాక్కుని చూసి, "చెన్నాగిదె," అన్నారు. బాగుందట.

తెలుపు మీద ఎరుపు

అసలు సంగతి అప్పుడు చెప్పారు. ఆయుధ పూజ నాడు వర్క్‌షాపులో బండ్లన్నిటికీ పూజ చేసి గుమ్మడికాయ కొడతాం కదా, ఈసారి దాన్ని ఈ కత్తితో తానే నరకాలని ఆయన కోరిక. అందరూ చుట్టూ నిలబడి ఉంటారు. "కాబట్టి ఒకసారి మీరు చూసేస్తే మంచిది," అన్నారు. చూడ్డం నెపం, చూపించుకోవడం అసలు సంగతి అని నాకు అర్థమైంది. అయినా పరీక్ష పరీక్షే.

ఈ పరీక్ష తెలియనివాళ్ళ కోసం చెబుతాను. వస్తువును శుభ్రంగా తుడిచి, ఎర్రటి పల్చని రంగు చల్లుతాం. పగులుంటే రంగు దానిలోకి ఇంకుతుంది. కాసేపాగి పైనున్న రంగంతా తుడిచేసి, తెల్లటి పొడి చల్లుతాం. పగుల్లో దాక్కున్న ఎరుపును ఆ పొడి పైకి పీల్చుకుంటుంది. తెలుపు మీద ఎర్ర గీత తేలుతుంది. చూడ్డానికి గారడీలా ఉంటుంది. ఎన్నేళ్ళు చేసినా గీత తేలే ఆ క్షణంలో నాకు ఊపిరి ఆగేది.

తెల్లపొడి చల్లి ముగ్గురం కత్తి మీదికి వంగాం. మొదట అక్షరాలు తేలాయి. చెక్కిన సందుల్లో మిగిలిన రంగు కదా, ఒక్కొక్కటే ఎర్రగా విచ్చుకున్నాయి. సార్ చిన్నపిల్లాడిలా నా భుజం పట్టుకున్నారు. "ఆటలో హీగే ఇదె! అచ్చం ఇలాగే ఎర్రగా ఉంటాయి!" మౌలాలి పేరు కూడా ఎర్రగా తేలింది. అతను దాన్ని చూసి మీసం దువ్వుకున్నాడు.

అప్పుడు ఎర్ర గాజు పొదిగిన గాడి మూలలోంచి ఇంకొక గీత బయల్దేరింది. వెంట్రుకంత సన్నం. వెన్ను వైపు నెమ్మదిగా సాగింది.

"ఇది ఏ అక్షరం?" అన్నారు సార్.

ఆయన మళ్ళీ డ్రాయింగు చూశారు, మళ్ళీ కత్తి చూశారు. ఆయన ఇంజనీరు. నేను చెప్పకముందే చెయ్యి నా భుజం మీద నుంచి తీసేశారు.

"గీసుకునుంటాది," అన్నాడు మౌలాలి. "ఆకురాయి తగిలుంటాది. దానికింత చూసేదేంది?"

"గీత అయితే తుడిస్తే పోతుంది మౌలాలీ." తుడిచేసి మళ్ళీ తెల్లపొడి చల్లాను. మళ్ళీ అదే చోట, అదే పొడవున వచ్చింది. ఇంకోసారి తుడిచాను. ఇంకోసారి వచ్చింది.

"నా కొలిమిలో పగులా? కసమ్, ఒట్టు, నూరు గుమ్మడికాయలు కొట్టినా దీనికేం కాదు!" అతని గొంతు లేచింది. "అయినా ఆ గాడి మూల నేను గుండ్రంగా కోస్తానంటి. మూల కోసుగా ఉంటే ఎర్రగా కాల్చి నూనెలో ముంచినప్పుడు ఇనుము ఈడ్చుకుంటాది అని చెప్పలేదా సార్? మీరే గదా, గీసింది గీసినట్టే ఉండాలంటిరి."

"ఆటలో అలాగే ఉంది," అన్నారు సార్ చిన్న గొంతుతో.

"ఆటలో ఇనుముకు పగులు రాదు కద సార్," అన్నాను. ఆయనను నొప్పించాలని కాదు, నోట్లోంచి వచ్చేసింది.

"లోతు ఎష్టు?" అన్నారాయన. హుక్కు గురించి అడిగిన మాటే. అడిగాక ఆయనకూ అది గుర్తొచ్చినట్టుంది, నా మొహం వైపు చూడలేదు.

"తెలియదు సార్. విరగ్గొడితే తెలుస్తుంది."

వైసులో

నేనిక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఆ కత్తి బాగుండాలని నాకు చాలా కోరికగా ఉంది. ఆ నీలం, ఆ రెక్కలు, ఎవరూ చదవని ఆ అక్షరాలు. అలాంటి వస్తువు చేతిలోకి వచ్చినప్పుడు కన్ను ఒకటి చెబుతుంది, తెల్లపొడి ఒకటి చెబుతుంది. పిల్లలూ, కన్ను చెప్పేది వినొద్దని నేను అనను. వినండి, ఆనందించండి. సంతకం మాత్రం తెల్లపొడి మాట విని పెట్టండి.

చివరికి సార్ లేచారు. "విరగ్గొడదాం."

"సార్!" అన్నాడు మౌలాలి. "నెల పని అది."

"నీది నెల పని, నాది రెండు నెలల డ్రాయింగు. నాకు లోపల చూడాలి." ఆయన మొహంలో కోపం లేదు, బాధ కూడా అంతగా లేదు. ఏదైనా యంత్రం మొదటిసారి విప్పేటప్పుడు మంచి మెకానిక్కు మొహం ఎలా ఉంటుందో అలా ఉంది. ఆ క్షణం నుంచీ ఆయన నాకు మేనేజరుగా కనబడలేదు. మాలాంటి మనిషే.

కత్తిని గాడి కింద దాకా బల్లకున్న ఇనుప దవడల వైసులో బిగించాం. పై భాగానికి పొడవాటి పైపు తొడిగాం. కళ్ళకు అద్దాలు పెట్టుకుని, తోలు ఏప్రాన్లు కట్టుకున్నాం. పైపు పట్టుకుని లాగేది తనేనన్నాడు మౌలాలి. ఇంకొకరి చేతిలో విరగడం అతనికి ఇష్టం లేదు.

లాగాడు. కత్తి విల్లులా వంగింది. వదిలితే నిటారుగా నిలబడింది.

"చూసుకోండి!" అని అరిచాడు. "కమాను పట్టీ ఇది, నా చేతి పదును ఇది!"

మళ్ళీ లాగాడు, ఇంకా ఎక్కువ వంచాడు. మళ్ళీ నిలబడింది. సార్ నా వైపు చూశారు. ఆ చూపు అర్థం నాకు తెలుసు. నేను తప్పయితే ఎంత బాగుండు అని. నాకూ అలాగే ఉంది. అదే సమయంలో నేను తప్పని తేలితే, ఇన్నేళ్ళుగా నేను తీయించేసిన ఇరుసులన్నీ ఏమైనట్టు అని కూడా అనుకున్నాను.

మూడోసారి పైపు పూర్తిగా వంగకముందే ఫట్‌మని శబ్దం వచ్చింది. మౌలాలి పైపుతో సహా వెనక్కి తూలి గోడకు ఆనుకున్నాడు. ఎర్ర గాజు ఎగిరి బల్ల కింద పడింది. కత్తి సరిగ్గా గీత దగ్గర విరిగింది.

విరిగిన ముఖాన్ని దీపం కిందికి తెచ్చాను. సగం భాగం కొత్తగా పగిలిన ఇనుములా బూడిద రంగులో తళతళలాడుతోంది. గాడి మూల నుంచి మిగతా సగం నల్లగా ఉంది, నెలవంక ఆకారంలో.

"ఈ తళతళలాడేది ఇప్పుడు విరిగింది," అన్నాను. "ఈ నల్లది నూనెలో ముంచిన రోజే విరిగింది. తర్వాత మళ్ళీ కాల్చినప్పుడు లోపల మసిబట్టింది. ఇన్నాళ్ళూ సగం కత్తే ఉంది సార్. మనకు పూర్తి కత్తిలా కనబడింది."

మౌలాలి చాలాసేపు దాన్ని చేతిలో పట్టుకుని తిప్పి తిప్పి చూశాడు. తిడతాడనుకున్నాను. "ఇంత బారునా?" అన్నాడు. ఆ తర్వాత, "ఎంత నున్నగా ఉండాది చూడు," అన్నాడు. నిజంగానే ఆ నలుపు పట్టులా ఉంది. ముగ్గురం తలలు దగ్గర పెట్టి, కత్తిని చూసినదానికన్నా ఎక్కువసేపు ఆ పగులును చూశాం.

సార్ ముక్కను బల్ల మీద పెట్టారు. "ఆ హుక్కులో ఈ నలుపు ఎంత ఉంటుంది?"

"తెలియదు సార్."

"విరగ్గొడితేనే తెలుస్తుంది." నేను అనవలసిన మాట ఆయనే అన్నారు. ఫోను తీసి షిఫ్టు చూసే మనిషికి చేశారు. "క్రేన్ నిల్లిసు. ఈ రోజు నుంచి కొత్త హుక్కు వచ్చేదాకా ఎత్తేది లేదు. ఎవరు అడిగినా నా పేరు చెప్పు."

పాత హుక్కు, కొత్త కత్తి

మర్నాడు పైనుంచి వచ్చిన ఫోన్ల సంగతి నేను రాయను. గది తలుపు మూసి ఉన్నా మాటలు బయటికి వినబడ్డాయి. ఆయన ప్రతిదానికీ "హౌదు సార్, హౌదు సార్" అన్నారు కానీ క్రేను మాత్రం నడపనివ్వలేదు. పలక మార్చలేక క్రషరు ఆగింది. లారీలు వేరే గనులకు మళ్ళాయి. హనుమంతు పని లేక షెడ్డు నీడలో కూర్చుని బీడీలు కాలుస్తూ, "నీ పుణ్యాన కూర్చుని జీతం తింటాండా దాసప్పా," అన్నాడు. కొత్త హుక్కు వచ్చాక మళ్ళీ మొదటి పలక ఎత్తిన రోజున సార్ వచ్చి షెడ్డులో నిలబడి చూసి వెళ్ళారు. అంతకుముందు ఎప్పుడూ రాలేదు.

పాత హుక్కును కూడా విరగ్గొట్టి చూద్దామని నేను ఆశపడ్డాను. అడిగేలోపే స్టోరువాళ్ళు దాన్ని తుక్కు బండిలో వేసి పంపించేశారు. అది నిజంగా విరిగేదా? హనుమంతు మీద పడేదా? లేక ఇంకా ఏళ్ళకేళ్ళు బరువెత్తేదా? నాకు తెలియదు. ఎప్పటికీ తెలియదు. ముందే చెప్పాను కదా, ఈ ఉద్యోగంలో అంతే. హనుమంతు మాత్రం గనులు మూతపడేదాకా అదే క్రేను కింద పనిచేసి, ఆ తర్వాత సిరుగుప్ప వెళ్ళి మళ్ళీ వరి పొలాల్లో పడ్డాడు. ఇప్పటికీ బస్టాండులో కనబడితే టీ తాగించకుండా వదలడు.

మౌలాలి ఆ వారమే ఇంకో కత్తి మొదలుపెట్టాడు. ఎవరూ అడగలేదు. ఈసారి గాడి మూలను సార్ డ్రాయింగులోనే గుండ్రంగా గీసి ఇచ్చారు. "ఆటలో ఉన్నట్టు ఉండదేమో సార్," అన్నాను. "ఆటవాళ్ళకు కొలిమి లేదు," అన్నారు. రంగులు మొదటిదానంత బాగా రాలేదు. నీలం కొంచెం మసకబారింది. రెక్కలు మాత్రం ఇంకా బాగా కుదిరాయి. చివరి అక్షరాలు మౌలాలి ఈసారి దాచకుండా, కొంచెం పెద్దగానే చెక్కాడు. నేను రంగు చల్లి, తుడిచి, తెల్లపొడి వేసి చూశాను. అక్షరాలు ఎర్రగా వచ్చాయి. వేరే గీత ఏదీ రాలేదు. నమ్మకం కుదరక ఇంకోసారి చేశాను. రాలేదు.

గుమ్మడికాయ

ఆయుధ పూజ రోజు వర్క్‌షాపు అంతా బంతిపూలూ, అరటి పిలకలూ. డంపర్ల అద్దాలకు కుంకుమ. నా పరీక్ష యంత్రానికి కూడా ఎవరో పసుపు పూసి దండ వేశారు. నేను చర్చి మనిషినైనా ఏటా ఆ రోజు మానకుండా వెళ్ళేవాణ్ణి. బొరుగులూ బెల్లమూ పంచే పని నాదే. పూజ అయ్యాక కంపెనీ పెద్దలు కుర్చీల్లో కూర్చున్నారు. మిగతా అందరం కొత్త డంపరు ముందు గుండ్రంగా మూగాం. కింద కుంకుమ పూసిన బూడిద గుమ్మడికాయ.

శివరుద్రప్ప సార్ దుప్పట్లోంచి కత్తి తీసేసరికి జనంలో హో అని కేక లేచింది. మేనేజరుగారి చేతిలో అలాంటిది ఎవరూ ఊహించలేదు. ఇంకా దగ్గరికి జరిగారు. హనుమంతు వంగి అక్షరాలు చదవబోయాడు. మౌలాలి ఛాతీ ముందుకు పెట్టి ఎవరు అడిగినా అడక్కపోయినా "నేను చేసిందే" అని చెబుతున్నాడు.

సార్ రెండు చేతులతో పిడి పట్టుకుని కత్తి పైకెత్తారు. ఎత్తి, ఆగి, జనంలో నన్ను వెతికారు.

"ఏన్రీ ప్రభుదాస్, పర్వాలేదా?"

అందరూ నా వైపు తిరిగారు. చేతిలో బొరుగుల పళ్ళెం. పెద్దలు కూడా చూస్తున్నారు. నా మాట కోసం ఒక మేనేజరు అందరి ముందూ చెయ్యి ఆపి నిలబడడం నా ఉద్యోగంలో అదే మొదటిసారి, అదే ఆఖరుసారి కూడా.

"పర్వాలేదు సార్. రెండుసార్లు చూశా."

ఆయన తల ఊపారు. కత్తి మాత్రం దించలేదు. "ప్రభుదాస్ చూశాడు. బాగుందంటున్నాడు," అని గట్టిగా చెప్పారు. "ఆదరూ, అయినా సరే, అందరూ వెనక్కి జరగండి. ఇంకా. ఇంకా జరగండి. హనుమంతూ, నువ్వు డంపరు వెనక్కి పో."

గొణుక్కుంటూ అందరూ జరిగారు. అప్పుడు కొట్టారు. గుమ్మడికాయ ఒక్క దెబ్బకు రెండు చెక్కలై చెరో వైపు దొర్లింది. కత్తి సన్నగా మోగింది. "వాహ్!" అని మౌలాలి గాల్లోకి ఎగిరాడు. ఈలలు, చప్పట్లు, డంపర్ల హారన్లు. కుర్రాళ్ళు గుమ్మడి చెక్కల మీద కుంకుమ నీళ్ళు చల్లడానికి పరుగెత్తారు.

నేను పళ్ళెం ఎవరి చేతిలోనో పెట్టి, నేరుగా కత్తి దగ్గరికి వెళ్ళి గాడి మూల మీదికి వంగాను. ఏమీ లేదు, శుభ్రంగా ఉంది. తలెత్తేసరికి నుదుటికి నుదురు తగిలింది. శివరుద్రప్ప సార్ కూడా కళ్ళద్దాలు పైకి జరుపుకుని, చప్పట్లు కొడుతున్న జనాన్ని వదిలేసి, అదే మూలను చూస్తున్నారు.